వరసలో మన నంబరు

మాడ్రిడ్ నుంచి బార్సిలోనాకి రైలు దారి 621 కిలోమీటర్లు. సికింద్రాబాద్ నుంచి విశాఖపట్నానికి 699. దూరాల్లో పెద్ద తేడా లేదు. మొదటిది రెండున్నర గంటల ప్రయాణం, రెండోది వందే భారత్‌లో ఎనిమిదిన్నర గంటలు. ఈ లెక్క చెప్పి మన రైళ్ల మీద నిట్టూర్చడం చాలా తేలిక. ఆ పని చేసేవాళ్లు ఇప్పటికే బోలెడుమంది ఉన్నారు కాబట్టి నేను చెయ్యను. నన్ను పట్టుకున్న ప్రశ్న వేరే. రైలెక్కడానికి ముందు, టికెట్ కొనేటప్పుడు, ఆ రెండు చోట్లా మనిషికి ఏం చూపిస్తారు? సీటు ఎవరికి ఇవ్వాలి, ఎవర్ని ఆపాలి అనేది దేన్ని బట్టి తేలుస్తారు?

మాడ్రిడ్–బార్సిలోనా హైస్పీడ్ లైను పూర్తిగా తెరుచుకున్నది 2008 ఫిబ్రవరిలో. చాలాకాలం దానిమీద స్పెయిన్ ప్రభుత్వ రైల్వే రెన్ఫే ఒక్కటే బండ్లు నడిపేది. 2021 మేలో ఫ్రెంచివాళ్ల చవక బండి వీగో దిగింది. దాన్ని తట్టుకోవడానికి జూన్‌లో రెన్ఫేనే అవ్లో పేరుతో ఇంకో చవక బండి పెట్టింది. 2022 నవంబరులో ఇటలీ రైల్వేకి వాటా ఉన్న ఇర్యో వచ్చింది. అవే పట్టాలు, అవే ఊళ్లు, వేరువేరు రంగుల బండ్లు. ప్రయాణికుడు తెరమీద చూసేది ఒక ధరల పట్టిక. ఆరింటి బండికి ఒక ధర, ఎనిమిదింటి బండికి ఇంకోటి. ఇవాళ చూస్తే ఒకటి, వచ్చే వారం చూస్తే ఇంకోటి. చవక టికెట్ తీసుకుంటే పెద్ద పెట్టెకి అదనం, నచ్చిన సీటుకి అదనం. సీటు ఉందా లేదా అనే దిగులు తక్కువ. ఎంతకి ఉంది అన్నదే చూసుకోవాలి.

ఇప్పుడు సికింద్రాబాద్ నుంచి విశాఖకి వెతకండి. చాలా బండ్లలో, ఫలానా తరగతికి ఫలానా ధర అని ఎప్పుడు చూసినా అదే ఉంటుంది. మారేది దాని పక్కన ఉండే చిన్న ముక్క. ఒక బండికి ‘అవైలబుల్ 42’, ఇంకో బండికి ‘ఆర్‌ఏసీ 17’, మరో దానికి ‘వెయిటింగ్ 63’. మనవాళ్లు రైలు ఎంచుకునేది ఆ ముక్కని చదివి. గోదావరిలో వెయిటింగ్ 40 ఉంటే ఫరవాలేదు, దిగుతుంది. గరీబ్‌రథ్‌లో అంటే ఆలోచించాలి. సంక్రాంతి ముందైతే దేన్నీ నమ్మొద్దు. ఈ శాస్త్రం తెలిసిన మనిషి ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. పంచాంగం చూసే పెద్దాయనకి ఇచ్చినంత గౌరవం ఆ మనిషికీ ఇస్తాం.

ఒకచోట ధర మనుషుల్ని వడపోస్తుంది, ఇంకోచోట వరస వడపోస్తుంది. ఈ తేడా దేశాల స్వభావంలోంచి ఊడిపడలేదు. ఫలానా ఏళ్లలో ఫలానా వాళ్లు రాసిన ప్రోగ్రాముల్లోంచి వచ్చింది. వాటిల్లో చాలా ముఖ్యమైన ఒకటి మొదట పనిచెయ్యడం మొదలుపెట్టింది మన సికింద్రాబాద్‌లో. నేను వృత్తికి సాఫ్ట్‌వేర్ ఇంజినీరుని, పుస్తకాల గురించి రాయడం సాయంత్రాల పని. పాత ప్రోగ్రాము చదవడానికీ పాత కావ్యం చదవడానికీ నాకు ఒక పోలిక కనిపిస్తుంది. రాసినవాళ్లు లోకం ఇలా ఉంటుందని ఊహించి, ఆ ఊహని ఎక్కడా చెప్పకుండా, దానిమీదే మొత్తం కట్టేస్తారు. ఈ వ్యాసం ఆ ఊహ గురించి.

*

ముందు మా ఊరి సంగతి చెప్పాలి. గుమ్మడిదలకి రైలు లేదు. హైదరాబాద్ నుంచి మెదక్ పోయే రోడ్డు మీద దుండిగల్, బొంతపల్లి దాటితే మేం వస్తాం. మా తర్వాత నర్సాపూర్ అడవి. ఆ నర్సాపూర్‌కీ రైలు లేదు. కానీ రైల్వే వెబ్‌సైటులో నర్సాపూర్ అని కొడితే దర్జాగా స్టేషన్ వస్తుంది, ఎక్స్‌ప్రెస్ కూడా వస్తుంది. అది పశ్చిమగోదావరి నర్సాపూర్. మా వైపు చిన్నప్పుడు లింగంపల్లిలో ‘నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్’ బోర్డు చూసి, ఇది మా పక్కూరికే పోతుందని సంబరపడని పిల్లలు ఉండరు.

నిజాం కాలంలో రెండు దార్లు మా ఊరిని రెండు వైపులా వదిలేసి పోయాయి. దక్షిణాన శంకర్‌పల్లి, వికారాబాద్, తాండూరు మీదుగా వాడికి పోయే లైను 1874లో తెరుచుకుంది. ముంబై–మద్రాసు దారికి హైదరాబాద్‌ని కలిపింది అదే. తూర్పున మేడ్చల్, కామారెడ్డి, నిజామాబాద్ మీదుగా మన్మాడ్ పోయే మీటర్ గేజ్ లైను 1900 ప్రాంతంలో పూర్తయింది. మధ్యలో మేం. పటాన్‌చెరులో ఫ్యాక్టరీలు లేచినా, తర్వాత బొంతపల్లి, గడ్డపోతారం వైపు మందుల కంపెనీలు వచ్చినా, రైలు కోసం మాత్రం సికింద్రాబాద్‌కో లింగంపల్లికో పోవాల్సిందే.

ఆ పాత బండ్లలో మూడో తరగతి టికెట్ అంటే ఏమిటో గుర్తుచేసుకోవాలి. అది ప్రయాణించే హక్కు మాత్రమే. కూర్చునే హక్కు అందులో లేదు. కూర్చోవడం మన భుజబలం, తువ్వాలు విసిరే నేర్పు. 1917లో గాంధీ మూడో తరగతి ప్రయాణం మీద ఒక వ్యాసం రాశారు. ఆయన గొడవంతా ఆ కిక్కిరిసిన బోగీల గురించి, మురికి గురించి, డబ్బు కట్టిన మనిషికి మనిషిగా విలువ లేకపోవడం గురించి. ప్రయాణం ఒక హక్కు, సీటు ఇంకో హక్కు అని విడదీయడం వలసపాలకుల లోభమని అనుకుంటాం గానీ, ఆ విభజన ఐరోపాలో ఇప్పటికీ బతికే ఉంది. జర్మనీలో 1991లో మొదలైన ఐసీఈ హైస్పీడ్ బండ్లకి సీటు రిజర్వేషన్ తప్పనిసరి కాదు. మామూలు టికెట్ కొంటే ప్రయాణం మీది. సీటు కావాలంటే దానికి విడిగా కట్టాలి, లేదంటే ఖాళీ చూసుకుని కూర్చోవాలి. ఒకరకంగా అది మన జనరల్ టికెట్టే, కాకపోతే ఏసీలో. ఫ్రాన్సు మాత్రం 1981 సెప్టెంబరులో పారిస్–లియాన్ టీజీవీ మొదలైన రోజు నుంచే రెండు హక్కుల్నీ కలిపేసింది. రిజర్వేషన్ లేకుండా ఎక్కకూడదు, ఎక్కాక నిలబడకూడదు. విమానంలా.

మన దేశంలో 1974లో మూడో తరగతి అనే పేరు తీసేశారు. 1977లో రైల్వే మంత్రి మధు దండవతే రెండో తరగతి స్లీపర్లో చెక్క బల్లల మీద రెండంగుళాల ఫోమ్ వేయించాడు. దేశచరిత్ర పుస్తకాల్లో ఇది ఉండదు గానీ, నన్నడిగితే ఉండాలి. ఆ ఫోమ్ తర్వాత బెర్తు మామూలు మనిషి ఆశించదగిన వస్తువైంది. ఆశ పుట్టాక వరస పుడుతుంది.

*

కంప్యూటర్ లేని రోజుల్లో ఆ వరస ఒక పుస్తకంలో ఉండేది. ఒక్కో బండికి ఒక్కో కౌంటరు, ఒక్కో తేదీకి ఒక్కో పేజీ. ఏ కౌంటరు దగ్గర నిలబడాలో ముందే తేల్చుకోవాలి. గోదావరి కౌంటరు దగ్గర గంటన్నర నిలబడి, లేవంటే, ఇంకో బండి కౌంటరు దగ్గర మళ్లీ మొదటినుంచి నిలబడాలి. రైలు ఎంచుకోవడం అంటే అప్పుడు క్యూ ఎంచుకోవడమే. తిరుగు ప్రయాణానికి అవతలి స్టేషన్‌కి టెలిగ్రాం కొట్టేవాళ్లు. ఎక్కడో ఎవరో పేజీ తిప్పి, రాసి, జవాబు పంపితే బెర్తు, పంపకపోతే దేవుడి దయ. పేజీ ఎవరి చేతిలో ఉందో అధికారమూ వాళ్ల చేతిలోనే. కౌంటరు వెనక ఉన్నాయన ‘ఫుల్’ అంటే, నిజంగా ఫుల్లేనా అని అడగడానికి మార్గం లేదు.

1985–86లో ఢిల్లీలో ఆ పుస్తకాన్ని యంత్రంలోకి ఎక్కించారు. పని చేసింది సీఎంసీ. ఐబీఎం 1978లో దేశం వదిలి పోయినప్పుడు దాని యంత్రాల బాగోగులు చూసుకున్న ప్రభుత్వరంగ సంస్థ అది. ప్రోగ్రాము పేరు ఇంప్రెస్. భాష ఫోర్ట్రాన్, అంటే ఇంజినీర్లు లెక్కలు చేసుకునే భాష. తర్వాత ముంబై, కలకత్తా, మద్రాసు, 1989లో సికింద్రాబాద్. ఒకే కౌంటర్లో ఏ బండికైనా టికెట్, అదీ కళ్లెదురుగా నంబరు చూపించి. ఇవాళ చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, ‘ఫుల్’ అన్న మాటకి మొదటిసారి రుజువు వచ్చింది. ఎన్నో నంబరు అన్నది కాగితం మీద అచ్చయి చేతికొచ్చింది.

అయితే ఈ అయిదు కేంద్రాలూ అయిదు ద్వీపాలు. సికింద్రాబాద్ యంత్రానికి ఢిల్లీ యంత్రం గురించి తెలీదు. ఢిల్లీ నుంచి తిరిగొచ్చే టికెట్ ఇక్కడ కొనాలంటే పాత కథే. ఆ అయిదింటినీ కలపడానికి రైల్వే వాళ్ల సొంత సాఫ్ట్‌వేర్ సంస్థ క్రిస్ కొత్త ప్రోగ్రాము రాసింది. దాని పేరు కాన్సర్ట్. మొదట అమల్లోకి వచ్చింది 1994 సెప్టెంబరులో, సికింద్రాబాద్‌లో. 1999 ఏప్రిల్‌కి అయిదు కేంద్రాలూ ఒక్క వల అయ్యాయి. దేశంలో ఏ మూలనుంచైనా ఏ మూలకైనా టికెట్. ఇప్పుడు మన ఫోన్ల మీద రకరకాల యాప్‌లు రంగురంగుల బొమ్మలు చూపిస్తాయి గానీ, లోపల బెర్తుని పంచేది ఆ వంశమే.

సరిగ్గా ఆ కాలంలోనే ఫ్రాన్సులో ఏం జరిగిందో చూడండి. టీజీవీ ఉత్తరానికి, లీల్ వైపుకి పొడిగిస్తున్నారు. టికెట్ల కోసం కొత్త వ్యవస్థ కావాలి. ఫ్రెంచి రైల్వే అమెరికన్ ఎయిర్‌లైన్స్ దగ్గరికెళ్లి, 1960ల్లో ఆ కంపెనీ ఐబీఎంతో కలిసి కట్టుకున్న సేబర్ అనే విమాన రిజర్వేషన్ ప్రోగ్రాము కొనుక్కొచ్చింది. దానికి సోక్రాత్ అని పేరు పెట్టి 1993లో దించింది. అంటే సోక్రటీసు. కౌంటర్ల దగ్గర బారులు, తప్పు ధరలు, తప్పు దార్లు. ప్రయాణికుల సంఘాలు రోడ్డెక్కాయి. సోక్రటీసు పేరు యంత్రానికి పెట్టారు గానీ ప్రశ్నలడిగింది మాత్రం జనమే.

లోపాలు నెమ్మదిగా సర్దుకున్నాయి. వాటికన్నా లోతైన మార్పు ఇంకొకటి జరిగింది. అంతవరకూ ఫ్రాన్సులో రైలు చార్జీ అంటే ప్రధానంగా కిలోమీటర్ల లెక్క. ఎంత దూరం పోతే అంత, రద్దీ వేళల్లో టీజీవీకి కొంచెం పైన. విమానాల ప్రోగ్రాము లోపల ఉన్న ఊహ వేరు: సీటుకి స్థిరమైన విలువ ఉండదు, ఫలానా రోజు ఫలానా వేళ ఎవరు ఎంత ఇవ్వగలరో అదే దాని విలువ. ప్రోగ్రాముతో పాటు ఆ ఊహా వచ్చింది. మాడ్రిడ్–బార్సిలోనా తెరమీద ఇవాళ మనకి కనిపించే ధరల పట్టిక ఆ ఊహకి మనవడు.

మన దగ్గర ఏం జరిగింది? ఐబీఎం వెళ్లిపోయింది, విదేశీ మారకం లేదు, కొనుక్కొచ్చే పరిస్థితి లేదు. మనవాళ్లే రాసుకున్నారు. రాసుకోవడంతో, అప్పటికే పుస్తకంలో ఉన్న రైల్వే లోకం మొత్తం ప్రోగ్రాములోకి దిగింది. కిలోమీటరు చార్జీ, కోటాలు, వెయిటింగ్ లిస్టు, అన్నీ. దీన్ని దేశభక్తి కథగా చెప్పడం నాకిష్టం లేదు. కొంత అవసరం, కొంత అలవాటు. కానీ ఫలితం మాత్రం ఆషామాషీ కాదు.

ఆర్‌ఏసీని తీసుకోండి. ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం కుర్రాణ్ని రిజర్వేషన్ ప్రోగ్రాము రాయమంటే సీటుకి రెండే స్థితులు పెడతాడు: ఖాళీ, నిండింది. మన రైల్వే మూడోది పెట్టింది. అర బెర్తు. సైడ్ లోయర్ మీద ఇద్దరు అపరిచితులు కూర్చుంటారు, ఎవరైనా రాకపోతే ఒకరికి పడుకునే భాగ్యం. ప్రయాణించే హక్కు ఇచ్చి, కూర్చునే హక్కు ఇచ్చి, పడుకునే హక్కుని మాత్రం వేరేవాళ్లు టికెట్ రద్దు చేసుకోవడం మీద ఆధారపడేలా రాయడం, ఇది అమెరికన్ విమాన ప్రోగ్రాముకి తట్టే ఆలోచన కాదు. రాత్రంతా ఒకరి మోకాళ్లు ఒకరికి తగులుతూ, మీదే ఊరండీ అని మొదలుపెట్టి దువ్వాడ వచ్చేసరికి పెళ్లి సంబంధాల దాకా పోయే మాటలకి సగం కారణం ఆ ప్రోగ్రాములో ఉన్న మూడో స్థితి.

వెయిటింగ్ లిస్టు సంగతీ అంతే. విమాన కంపెనీలు ఉన్న సీట్లకన్నా ఎక్కువ టికెట్లు అమ్ముతాయి. కొందరు రారులే అని లెక్క. అందరూ వస్తే ఎవరినో ఒకర్ని గేటు దగ్గర ఆపుతాయి, ముందు మాత్రం చెప్పవు. మన రైల్వే కూడా ఉన్నవాటికన్నా ఎక్కువే అమ్ముతుంది. కాకపోతే నీ నంబరు 63 అని ముఖం మీదే చెప్పి అమ్ముతుంది. రోజూ తెరిచి చూసుకుంటాం: 63 కాస్తా 41 అయింది, 41 కాస్తా 12. అవతల ఎవరి పెళ్లో వాయిదా పడింది, ఎవరి పరీక్షో మారింది. వాళ్ల పేర్లు తెలీవు. వాళ్ల రద్దుల మీద మన ప్రయాణం ముందుకి జరుగుతుంది. వెయిటింగ్ లిస్టు కదలడంలో ఉన్నంత కథనశక్తి ఈమధ్య చదివిన కొన్ని నవలల్లో నాకు దొరకలేదు.

*

ఇంతమాత్రాన వరస అంటే సమానత్వం అనుకోకూడదు. మన భాషలో ‘రిజర్వేషన్’ అనే మాటకి రెండు అర్థాలు. ఇంట్లో పెద్దవాళ్లు ఆ మాట ఎత్తితే, బెర్తు గురించా, కాలేజీ సీటు గురించా అన్నది గొంతుని బట్టి పోల్చుకోవాలి. రెండింట్లోనూ ‘కోటా’ ఉంది. తమాషా ఏమిటంటే, రెండో రిజర్వేషన్ మాట రాగానే మెరిట్ గురించి ఉపన్యాసం ఇచ్చేవాళ్లు మొదటి రిజర్వేషన్లో హెడ్‌క్వార్టర్స్ కోటా కోసం ఎంపీ లెటర్ సంపాదించడాన్ని తెలివితేటలుగా చెప్పుకుంటారు.

బండి బయల్దేరే ఊరికి ఎక్కువ బెర్తులు. మధ్యలో కొన్ని స్టేషన్లకి రిమోట్ లొకేషన్ కోటా, కొన్నిటికి కలిపి పూల్డ్ కోటా. ఒకే బండి, ఒకే తేదీ, ఒకే తరగతి: విశాఖలో ఎక్కేవాడికి ఖాళీలు చూపిస్తుంది, మధ్యలో చిన్న స్టేషన్లో ఎక్కేవాడికి వెయిటింగ్ చూపిస్తుంది. అందుకే తెలిసినవాళ్లు టికెట్ వెనకనుంచి కొని, బోర్డింగ్ పాయింటు ముందుకి మార్చుకుంటారు. డబ్బు కొంచెం ఎక్కువ, బెర్తు ఖాయం. ప్రోగ్రాములో రాసిన భూగోళాన్ని జనం తమ భూగోళంతో అలా సరిదిద్దుకుంటారు. ఆడవాళ్లకి, సైనికులకి కొన్ని బెర్తులు, ముసలివాళ్లకి కింది బెర్తుల్లో కొన్ని విడిగా. సీనియర్ సిటిజన్ల రాయితీ మాత్రం 2020 మార్చిలో, కరోనా పేరు మీద ఆగింది.

మా బాపు బొంతపల్లి దగ్గర ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేసేవాడు. తిరుపతి మొక్కు తీర్చుకోవాలంటే నైట్ డ్యూటీ దిగి, ఇంటికి రాకుండా నర్సాపూర్ నుంచి వచ్చే బస్సెక్కి బాలానగర్, అక్కణ్నుంచి సికింద్రాబాద్. రిజర్వేషన్ ఫారంలో ఆరుగురి పేర్లు, వయసులు. మా నానమ్మ వయసు ప్రతిసారీ మారేది, ఆమె పుట్టిన ఏడు ఎవరికీ తెలీదు కాబట్టి. ఆ వరసలో డ్యూటీ దిగిన కార్మికుడూ ఆఫీసు నుంచి వచ్చిన గుమాస్తా ఒకరి వెనక ఒకరు. కష్టమే, కానీ ఆ కష్టంలో ఒక విషయం ఉంది: ముందు వచ్చినవాడికి ముందు. దానికి కావలసింది ఒక్కటే, కాళ్లు.

1997 డిసెంబరులో తత్కాల్ వచ్చింది. అత్యవసరంగా పోవాల్సినవాళ్ల కోసం కొన్ని బెర్తులు వరసలోంచి తీసి పక్కన పెట్టి, అదనపు రుసుముతో అమ్మారు. ఉద్దేశం మంచిదే. 2002 ఆగస్టులో ఐఆర్‌సీటీసీ ఇంటర్నెట్‌లో టికెట్లు మొదలుపెట్టింది. మొదట్లో టికెట్ కొరియర్‌లో ఇంటికొచ్చేది. 2014లో కొత్త వ్యవస్థ పెట్టి, నిమిషానికి 2,000 టికెట్ల స్థాయి నుంచి 7,200కి పెంచారు. ఇంజినీరుగా ఆ అంకె చూస్తే నాకు ముచ్చటేస్తుంది. కానీ ఒక మాట గమనించాలి. నిమిషానికి ఏడువేల టికెట్లు అమ్మే చోట, ‘ముందు వచ్చినవాడు’ అంటే సెకనులో కొన్నో వంతు ముందు వచ్చినవాడు. నియమం అదే, పదాలు అవే. కావలసినవి కాళ్లు కావు. మంచి ఫోను, మంచి సిగ్నలు, గుర్తుంచుకున్న పాస్‌వర్డు, సరిగ్గా పదకొండింటికి ఖాళీగా ఉండే చేతులు.

మా వైపు ఫ్యాక్టరీల్లో ఇప్పుడు ఒడిశా, బీహార్, జార్ఖండ్, బెంగాల్ కుర్రాళ్లు చాలామంది. దసరాకో ఛఠ్‌కో ఇంటికి పోవాలంటే ఫలక్‌నుమా, కోణార్క్, దానాపూర్ ఎక్స్‌ప్రెస్. నాన్ ఏసీ తత్కాల్ తెరిచేది పొద్దున పదకొండింటికి. ఆ టైముకి వాళ్లు ప్లాంటు లోపల ఉంటారు. సాల్వెంట్లు వాడే బ్లాకుల్లోకి ఫోను తీసుకెళ్లనివ్వరు, నిప్పు భయం. అది సరైన నియమమే. కానీ ఆ రెండు నియమాలూ కలిసి, ఆ కుర్రాడికి స్లీపర్ బెర్తు దొరకదని తేల్చేస్తాయి. ఏ ప్రోగ్రామరూ అలా అనుకుని రాయలేదు. వాడు నెట్ సెంటర్‌కి పోతాడు, టికెట్ మీద రెండు వందలో మూడు వందలో ఎక్కువిస్తాడు. అనుమతి లేకుండా అలా టికెట్ల వ్యాపారం చెయ్యడం 1989 రైల్వే చట్టం 143వ సెక్షన్ కింద నేరం. ఆన్‌లైన్ టికెట్లకి కూడా అది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2025 జనవరిలో తేల్చింది. తీర్పు తప్పని అనను. పదకొండింటికి ప్లాంటులో ఉన్నవాడి సంగతి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. ఆ మధ్యవర్తీ దొరక్కపోతే జనరల్ బోగీ. 1917 నాటి ప్రశ్నే.

ఈలోగా ధర కూడా లోపలికి వచ్చింది. 2014లో ప్రీమియం తత్కాల్. 2016 సెప్టెంబరు 9 నుంచి రాజధాని, శతాబ్ది, దురొంతోల్లో ఫ్లెక్సీ ఫేర్: ప్రతి పది శాతం బెర్తులు అమ్ముడయ్యేకొద్దీ చార్జీ పది శాతం పెరుగుతూ, ఒకటిన్నర రెట్ల దాకా. సికింద్రాబాద్–విశాఖ దురొంతో కూడా ఆ కోవలోకే వచ్చింది. అమెరికన్ విమానం నుంచి ఫ్రెంచి రైలుకి వెళ్లిన ఊహ, ఇరవైమూడేళ్లు ఆలస్యంగా, అదే వరస పద్ధతి పక్కనే వచ్చి కూర్చుంది. సైడ్ లోయర్ మీద రెండో మనిషిలా. 2023 సంక్రాంతి రోజున మొదలైన వందే భారత్‌లో ఆ ఫ్లెక్సీ ధర లేదు గానీ, పడుకునే బెర్తూ లేదు, అర బెర్తూ లేదు, జనరల్ బోగీ అసలే లేదు. ఎక్కిన ప్రతి మనిషికీ ఒక కుర్చీ. ఈ విషయంలో అది గోదావరికన్నా టీజీవీకే దగ్గర చుట్టం, వేగం గంటకి సగటున 82 కిలోమీటర్లే అయినా.

*

మా సంగారెడ్డి జిల్లా రైల్వే చరిత్రలో, ఎవరూ బుక్ చేసుకోవడానికి వీల్లేని బండి ఒకటి ఉంది. 2020 ఏప్రిల్ చివర్లో కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్ భవనాల పనిలో ఉన్న వలస కార్మికులు, లాక్‌డౌన్‌లో నెలకి పైగా ఇరుక్కుపోయి, కూలి బకాయిలు ఇవ్వాలనీ ఇంటికి పంపాలనీ ఆందోళనకి దిగారు. పోలీసులతో గొడవ అయింది. రెండు రోజుల తర్వాత, మే 1 తెల్లవారుజామున ఐదింటికి పది నిమిషాల ముందు, లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకి ఒక బండి కదిలింది. 24 బోగీలు, సుమారు 1,200 మంది. 72 మంది పట్టే బోగీలో 54 మందినే కూర్చోబెట్టారు. లాక్‌డౌన్ మొదలయ్యాక దేశంలో కార్మికుల కోసం నడిచిన మొదటి బండి అదే. ఆ రాత్రికి హటియా చేరింది. తర్వాత వేల సంఖ్యలో నడిచిన శ్రామిక్ రైళ్లకి అదే మొదలు.

ఆ బండికి కౌంటరు లేదు, వెబ్‌సైటు లేదు, వెయిటింగ్ లిస్టు లేదు. ప్రభుత్వం జాబితా రాసింది, బస్సుల్లో తెచ్చింది, కూర్చోబెట్టింది. జాబితాలో పేరుంటే సీటు, లేకపోతే నడక. ఆ నెలల్లో మా రోడ్డు మీద కూడా పిల్లల్ని భుజాలకెత్తుకుని ఉత్తరానికి నడిచినవాళ్లని చూశాం. మేడే రోజున, ఎప్పుడూ జనరల్ బోగీలో బాత్రూము పక్కన కూర్చుని పోయే మనుషులకి, మనిషికో చోటు కేటాయించి దూరదూరంగా కూర్చోబెట్టడం జరిగింది. దానికి ఒక మహమ్మారి కావలసివచ్చింది. ధర వల్ల కాదు, వరస వల్లా కాదు. పోలీసులకి ఎదురు తిరగడం వల్ల కూడా కొంత అయివుండొచ్చు.

ఇప్పుడు ముంబై–హైదరాబాద్ హైస్పీడ్ లైను గురించి మాటలు నడుస్తున్నాయి. 711 కిలోమీటర్ల ప్రతిపాదన. పుణె, షోలాపూర్, కలబురగి మీదుగా. ఆగే స్టేషన్లలో మా జిల్లా జహీరాబాద్ పేరుంది. పట్టాలు ఎప్పుడు పడతాయో గానీ, చర్చంతా వేగం గురించి, భూమి గురించి. భూమి గురించి జరగాల్సిందే. టికెట్ ప్రోగ్రాము గురించి మాత్రం ఎక్కడా నా చెవినపడలేదు. జహీరాబాద్‌లో ఎక్కేవాడికి కోటా ఉంటుందా, లేక హైదరాబాద్–ముంబై మొత్తం దూరం కొనేవాడిదే మొదటి హక్కా? ధర స్థిరమా, ఎక్కేదా? హైస్పీడ్ అన్నాక రిజర్వేషన్ లేనివాడికి చోటెక్కడ అని ఎవరైనా అంటే, అహ్మదాబాద్–ముంబై లైనుకి మనం సాంకేతికత తెచ్చుకుంటున్న జపాన్ వైపే చూపించాలి. టోక్యో–ఒసాకా మధ్య గంటకి 285 కిలోమీటర్ల దాకా పోయే నొజోమి బండ్లలో, పండగ రద్దీ రోజులు తప్పిస్తే, రిజర్వేషన్ అక్కర్లేని బోగీలు 2003 నుంచీ ఉన్నాయి. టికెట్ కొనుక్కుని, ప్లాట్‌ఫాం మీద గీసిన గీత వెనక నిలబడి, ఎక్కొచ్చు. సీటు దొరక్కపోతే నిలబడి పోవచ్చు.